చెల్లని కాసు, చిల్లర డబ్బు

(మందుల పెట్టె కథలు – 14)

మా పెద్దమ్మకు కీళ్లవాతం. వాళ్లింట్లో ఫ్రిజ్ తలుపు మీద అన్నయ్య ఒక కాగితం అంటించాడు. అందులో ఆదివారం గడి చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంటుంది. మెథోట్రెక్సేట్ ఆ ఒక్కరోజే. మర్నాడు ఫోలిక్ యాసిడ్. రెండూ పసుపు మాత్రలే, రెండూ చిన్నవే. వారానికోసారి వేసుకోవాల్సినదాన్ని మతిమరుపుతో రోజూ మింగితే ప్రాణం మీదికి వస్తుంది కనక రెండింటినీ వేరువేరు డబ్బాల్లో పోసి, ఒకదాని మూత మీద ‘ఆది’ అని పెద్దక్షరాలతో రాశాడు. పెద్దమ్మకు మాత్రం ఈ ఏర్పాటు మీద నమ్మకం లేదు. “ఒకటి చెడగొడితే రెండోది బాగుచేస్తుందటరా. అంతోటిదానికి మొదటిది మింగడం ఎందుకు?” అంటుంది నేను వెళ్లినప్పుడల్లా.

ఆ రెండు మాత్రలూ ఒకే ప్రయోగశాల నుంచి వచ్చాయి. ఆ ప్రయోగశాలను నడిపినవాడు భీమవరంలో పుట్టినవాడు. మొదటి మాత్ర పుట్టింది కీళ్ల కోసం కాదు, రక్త క్యాన్సర్‌తో చచ్చిపోతున్న పసిపిల్లల కోసం. దాని వెంట నడిచిన పరిశోధన సగం సినిమా హాళ్లలో తిప్పిన రేకు డబ్బాల్లో పడ్డ చిల్లర మీద బతికింది. ఈ భాగంలో ఆ చిల్లర లెక్క చూద్దాం.

క్రితం భాగంలో పోలియో కథ చెప్పుకున్నాం. 1938లో రేడియో హాస్యనటుడు ఎడ్డీ కాంటర్ మాట మీద అమెరికా జనం పది సెంట్ల నాణేలు కవర్లలో పెట్టి వైట్‌హౌస్‌కు పంపడం, అలా మొదలైన ఉద్యమం 1955లో సాల్క్ టీకా దాకా రావడం గుర్తుండే ఉంటుంది. అదే ఎత్తు క్యాన్సర్ దగ్గర పారుతుందని అప్పట్లో ఎవరికీ నమ్మకం లేదు. పోలియో వచ్చిన పిల్లవాడు కాళ్లకు ఇనుప కమ్మీలు కట్టుకుని అయినా ఫొటోలో నవ్వగలడు. లుకేమియా అనే రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లవాడు ఆ ఫొటో పత్రికలో అచ్చయ్యేలోపే పోయేవాడు. ఎవరిని చూపించి చందా అడగాలి?

దానికి ముందు కాకినాడలో కాసేపు ఆగాలి.

రంగూన్‌లో వర్తకం చేసి గడించిన మల్లాడి సత్యలింగం నాయకర్ తన ఆస్తిని ధర్మకార్యాలకు రాసి వెళ్లాడు. ఆయన పేరుతో కాకినాడలో ఏర్పడిన ధర్మసంస్థ చదువులకు సాయం చేసేది. 1920ల మొదట్లో ఆ సంస్థ ముందు నిలబడ్డ యువకుడి రికార్డు చూస్తే ఏ స్కాలర్‌షిప్ కమిటీ అయినా పెదవి విరుస్తుంది. మెట్రిక్యులేషన్ మూడోసారికి గట్టెక్కాడు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టి సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్ ఆగ్రహానికి గురయ్యాడు. మిగతా సబ్జెక్టుల్లో బాగానే రాసినా చేతికి ఎంబీబీఎస్ రాలేదు, దానికంటే తక్కువదైన ఎల్‌ఎంఎస్ వచ్చింది. ఆయుర్వేద కాలేజీలో శరీర నిర్మాణశాస్త్రం చెప్పుకుంటున్నాడు. అన్నదమ్ములిద్దరు రోజుల తేడాతో స్ప్రూ అనే జబ్బుతో పోయారు. తిన్నది ఒంటపట్టకుండా, రక్తం విరిగిపోయి, మనిషి కరిగిపోయే జబ్బది. ఆ యువకుడు యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికా వెళ్లి చదువుతానన్నాడు. ధర్మసంస్థ సాయం చేస్తామంది. మిగిలిన డబ్బు మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి సమకూర్చారు.

ఇక్కడ ఇంకో దాత ఉంది, ఆమెకు ఎవరూ రసీదు ఇవ్వలేదు. భార్య శేషగిరి. భర్త ఓడెక్కేనాటికి ఆమె గర్భవతి. మూడేళ్లలో వస్తానన్నాడు, మళ్లీ రాలేదు. పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. పరిశోధనకు ఎవరెంత ఇచ్చారని లెక్క రాసే పుస్తకాల్లో ఇటువంటి చందాకు కాలమ్ ఉండదు.

బోస్టన్‌లో సుబ్బారావు చేతిలోని డబ్బు ఎక్కువ రోజులు ఆగలేదు. పగలు హార్వర్డ్‌లో చదువు. రాత్రిళ్లు పీటర్ బెంట్ బ్రిగమ్ ఆస్పత్రిలో పోర్టరు పని: దుప్పట్లు మార్చడం, రోగుల మలమూత్రాల పళ్లేలు కడగడం. ఆ పేట పేరు లాంగ్‌వుడ్. హార్వర్డ్ వైద్య కళాశాల, బ్రిగమ్ ఆస్పత్రి, పిల్లల ఆస్పత్రి అన్నీ అక్కడ గోడలు ఆనుకున్నట్టే ఉంటాయి. పాతికేళ్ల తరవాత ఈయన బృందం చేసిన మందును సిరంజిలోకి ఎక్కించిన చోటు, ఈయన పళ్లేలు కడిగిన చోటికి నడిచి వెళ్లేంత దూరం.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టాడు. కండరానికి శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీలను వెలికితీశాడు. ఆ ఘనత అంతా ఇక్కడ చెప్పుకుంటే ఈ భాగం చాలదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ కంపెనీకి పరిశోధన నడపడానికి వెళ్లాడు. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారు చేసింది. తన అన్నదమ్ములను తీసుకుపోయిన స్ప్రూకు అదే మందని తేలింది. ఈ విటమిన్ జాడ మొదట దొరికింది మన దేశంలోనే. 1920ల చివర బొంబాయికి వచ్చిన లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ, రక్తం లేక పాలిపోయిన గర్భిణులకు మార్మైట్ అనే ఈస్టు ముద్ద తినిపిస్తే రంగు తిరగడం చూసింది. అందులో ఉన్నది ఫోలిక్ యాసిడే.

ఇక పిల్లల ఆస్పత్రి నేలమాళిగకు వద్దాం. అక్కడ ఒక చిన్న గదిలో సిడ్నీ ఫార్బర్ శవపరీక్షలు చేసేవాడు. పెథాలజిస్టు అంటే రోగి పోయాక వచ్చే డాక్టరు. చక్కగా సూటు వేసుకుని, నెమ్మదిగా మాట్లాడే ఈ మనిషికి 1940ల మధ్యలో బతికున్న పిల్లలకు వైద్యం చేయాలనిపించింది. అందులోనూ లుకేమియా ఎంచుకున్నాడు. దానికి కారణం లేకపోలేదు. కడుపులో గడ్డ పెరిగిందో తరిగిందో ఆ రోజుల్లో లోపలికి చూసి కొలవడం కష్టం. రక్తంలో తెల్లకణాలు తగ్గాయో లేదో చుక్క రక్తం తీసి సూక్ష్మదర్శిని కింద పెడితే తెలుస్తుంది.

మొదటి అడుగు తప్పటడుగు. ఫోలిక్ యాసిడ్ మామూలు రక్తాన్ని బాగుచేస్తోంది కదా, లుకేమియా రక్తాన్ని కూడా దారిలో పెడుతుందనుకుని, లెడర్లీ నుంచి తెప్పించిన ఫోలిక్ సంబంధ పదార్థాలు పిల్లలకు ఇచ్చాడు. జబ్బు తగ్గకపోగా ఊపందుకున్నట్టు కనిపించింది. ఆస్పత్రిలో తోటి డాక్టర్లు మండిపడ్డారు. ఎటూ పోయే పిల్లల్ని ప్రశాంతంగా పోనివ్వమన్నారు. వాళ్ల కోపాన్ని తప్పుపట్టలేను. ఆ వార్డులో నా బిడ్డ ఉండి ఉంటే నేనూ వాళ్ల పక్షమే వహించేవాణ్నేమో.

కానీ ఫార్బర్ ఆ ఓటమిని తిరగేసి చదివాడు. ఫోలిక్ యాసిడ్ ఇస్తే జబ్బు పెరిగితే, అందకుండా చేస్తే? సుబ్బారావు బృందం అప్పటికే ఫోలిక్ యాసిడ్‌కు నకళ్లు చేస్తోంది. అసలు అణువులో ఒకచోట ఆక్సిజన్ ఉండాల్సిన స్థానంలో నైట్రజన్ గుంపు పెడితే వచ్చేది అమినోప్టెరిన్. చూడ్డానికి అచ్చం అసలుదే, చెల్లని కాసు. కణంలో ఒక ఎంజైము అసలు కాసు అనుకుని దాన్ని పట్టుకుంటుంది, పట్టుకుని వదల్లేదు. దాంతో కొత్త డీఎన్‌ఏ అల్లడం ఆగిపోతుంది. ఎడాపెడా పెరిగే కణాలకే దెబ్బ ఎక్కువ: లుకేమియా కణాలు, వాటితోపాటు పాపం నోటి లోపలి పొర, పేగుల పొర కూడా. ఈ చెల్లని కాసుకే ఇంకొంచెం మెరుగు పెడితే మెథోట్రెక్సేట్ వచ్చింది, అది ఒంటికి కాస్త నయం. పెద్దమ్మకు చెప్పాల్సిన జవాబు కూడా ఇదే. ఆదివారం మాత్ర చెల్లని కాసు, కొద్ది మోతాదులో కీళ్ల వాపును అణచడానికి. సోమవారం మాత్ర మంచి కాసు, నోటిపూత లాంటివి రాకుండా.

1947 చివర అమినోప్టెరిన్ బోస్టన్ చేరింది. 1948 జూన్ 3న న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఫార్బర్ వ్యాసం వచ్చింది. మందు ఇచ్చినవారు 16 మంది పిల్లలు. 10 మందిలో గుణం కనిపించింది: తెల్లకణాలు దిగాయి, ఉబ్బిన ప్లీహం తగ్గింది, మంచాన పడ్డవాళ్లు లేచి తిరిగారు. కొన్ని నెలలే. తరవాత జబ్బు తిరగబెట్టింది. వ్యాసం శీర్షికలోనే ‘తాత్కాలిక’ అన్న మాట పెట్టిన నిజాయితీ ఆయనది. అంతవరకు ఏ రసాయనమూ ఆ కొన్ని నెలలు కూడా ఇవ్వలేదు.

తాత్కాలికానికి డబ్బెవరు ఇస్తారు? ఇక్కడే ఈ కథ మందుల నుంచి సినిమా వాళ్ల చేతికి వెళ్తుంది.

వెరైటీ క్లబ్ అని అమెరికా సినిమా హాళ్ల యజమానులు, ప్రదర్శకుల సంఘం ఒకటుంది. 1928 క్రిస్మస్ ముందురాత్రి పిట్స్‌బర్గ్‌లో ఒక థియేటర్లో ఎవరో పసిపాపను వదిలేసి వెళితే క్లబ్బు సభ్యులంతా కలిసి పెంచారు. అప్పటినుంచి పిల్లల కోసం విరాళాలు పోగుచేయడం వాళ్ల ఆనవాయితీ అయింది. ఆ క్లబ్బు న్యూ ఇంగ్లండ్ శాఖ మనిషి బిల్ కోస్టర్‌కు ఫార్బర్ పరిచయమయ్యాడు. ఇద్దరూ కలిసి 1947లో పిల్లల క్యాన్సర్ పరిశోధన కోసం ఒక నిధి పెట్టారు. మొదటి దఫా వసూలు సుమారు 45 వేల డాలర్లు. పరవాలేదు, కానీ ఫార్బర్ ఊహించుకున్న భవనానికి పునాది కూడా లేవదు. సినిమా వాళ్లకు ఒక సంగతి తెలుసు: నిధి పేరు చూసి జనం ఏడవరు. ఒక పిల్లవాడు కావాలి.

ఫార్బర్ దగ్గర వైద్యం పొందుతున్న పిల్లల్లోంచి ఒకణ్ని ఎంచారు. పన్నెండేళ్లవాడు, మెయిన్ రాష్ట్రంలో న్యూ స్వీడన్ అనే పల్లె, బంగాళదుంపలు పండించే స్వీడిష్ కుటుంబం. తెల్లని జుట్టు, నీలి కళ్లు, బేస్‌బాల్ పిచ్చి. పేరు ఐనార్ గుస్టాఫ్‌సన్. రేడియోలో ఆ పేరు నాలుకకు తిరగదనో, పిల్లవాడి గుట్టు కాపాడాలనో, అతన్ని జిమ్మీ చేశారు. అతనికి వచ్చింది లుకేమియా కాదు, పేగుల్లో లింఫోమా. ఈ వివరం రేడియోలో చెప్పలేదు. అమినోప్టెరిన్ తీసుకున్న ఆ పదహారు మంది పిల్లల్లో ఒకణ్ని మైకు ముందు కూర్చోబెట్టడానికి ఎవరికీ ధైర్యం చాలలేదని నా అనుమానం. చందా అడిగిన రాత్రికీ చెక్కు చేరే ఉదయానికీ మధ్య బిడ్డ ఉంటాడన్న హామీ లేదు.

1948 మే 22, శనివారం రాత్రి. రాల్ఫ్ ఎడ్వర్డ్స్ నడిపే ‘ట్రూత్ ఆర్ కాన్సీక్వెన్సెస్’ కార్యక్రమం. ఎడ్వర్డ్స్ హాలీవుడ్ స్టూడియోలో, పిల్లవాడు బోస్టన్‌లో ఆస్పత్రి మంచం మీద. ఈ రెంటి మధ్యా దేశమంతా చెవులు పెట్టుకుని వింటోంది. నీకు ఏ జట్టంటే ఇష్టం అని అడిగితే బోస్టన్ బ్రేవ్స్ అన్నాడు. క్యాచర్ ఎవరు? ఫిల్ మాసి. ఫిల్ మాసిని ఎప్పుడైనా చూశావా? లేదు. అంతలో గది తలుపు తీసుకుని ఫిల్ మాసి లోపలికొచ్చాడు! ఆ వెనకే ఒక్కొక్కరుగా జట్టు ఆటగాళ్లు, ఒకరు బంతి, ఒకరు బ్యాటు, ఒకరు చొక్కా పట్టుకుని. పియానో కూడా గదిలోకి తోశారు. పిల్లవాడు శ్రుతి తప్పిన గొంతుతో బేస్‌బాల్ మైదానాల్లో పాడుకునే పాట అందుకుంటే ఆటగాళ్లంతా వంత పాడారు. మొత్తం ఎనిమిది నిమిషాలు. చివర్లో ఎడ్వర్డ్స్ ఒక పందెం పెట్టాడు: 20 వేల డాలర్లు పోగైతే జిమ్మీ ఆట చూసుకోవడానికి టెలివిజన్ సెట్ కొనిస్తాం.

బోస్టన్‌లో అప్పటికి టీవీ ప్రసారాలు మొదలు కాలేదు, జూన్‌లో మొదలయ్యాయి. ప్రసారమే లేని ఊళ్లో టీవీ సెట్టు పేరు చెప్పి చందా అడగడం సినిమా వాళ్లకే చెల్లింది.

మర్నాటినుంచి కవర్లు. ‘జిమ్మీ, బోస్టన్, మసాచుసెట్స్’ అని మాత్రమే రాసి వచ్చిన కవర్లనూ తపాలా వాళ్లు చేర్చారు. చెక్కులు తక్కువ, నాణేలు ఎక్కువ. పిల్లలు డబ్బాలు పట్టుకుని ఇంటింటికీ తిరిగారు. సినిమా హాళ్లలో ఆట మధ్యలో దీపాలు వేసి వరుసల వెంట డబ్బా తిప్పారు. ఎనిమిది వారాలకు లెక్క చూస్తే 2,31,485 డాలర్లు, ఆనాటి మారకంలో ఏడున్నర లక్షల రూపాయల పైమాట. అడిగినదానికి పది రెట్లకు మించి. జిమ్మీకి టీవీ వచ్చింది.

మే 22న రేడియో. జూన్ 3న వ్యాసం. ఆగస్టులో పెర్ల్ రివర్‌లో సుబ్బారావు నిద్రలోనే పోయాడు, 53 ఏళ్లకు. అమినోప్టెరిన్ ఏమైందో చూశాడు, మెథోట్రెక్సేట్ ఎంత దూరం వెళ్లిందో చూడలేదు. జిమ్మీ కవర్లలో ఒక్కటీ ఆయన పేరు మీద రాలేదు. వచ్చే కారణమూ లేదు, ఆయన కంపెనీ జీతగాడు. మందు ఒకచోట, పిల్లలు ఒకచోట, డబ్బు ఒకచోట. మూడింటినీ కలిపే తీరిక, చొరవ ఫార్బర్‌కే ఉన్నాయి, పేరూ ఆయనకే దక్కింది.

ఆ డబ్బుతో 1952 జనవరిలో జిమ్మీ ఫండ్ భవనం తెరిచారు. పరిశోధన అంటే పరీక్షనాళికలే అనుకునేవారికి ఆ భవనం ఖర్చు విడ్డూరంగా తోచి ఉండాలి. డాక్టరు, నర్సు, ఆహారం చూసేవాళ్లు, కుటుంబం గోడు వినేవాళ్లు, పిల్లల ఆటబొమ్మలు, ప్రయోగశాల అన్నీ ఒకే కప్పు కింద. అందులో గొప్ప లెక్క ఉంది. ఒక మందు రెండు నెలలు పనిచేసి ఆగిపోయిందంటే ఆ పిల్లవాడు రెండో మందు దాకా బతికుండాలి, తల్లిదండ్రులు మళ్లీ తీసుకురావాలి. ఐనార్‌నే తీసుకోండి, వైద్యం కోసం మెయిన్ కొసనుంచి బోస్టన్‌కు మళ్లీమళ్లీ ప్రయాణం చేశాడు. సర్కారు గ్రాంటు ఫలితం ఏదని అడుగుతుంది. చిల్లర వేసినవాడు ఏమీ అడగడు. ఆ అడగకపోవడమే ఫార్బర్‌కు అందిన అసలు చందా అనిపిస్తుంది నాకు. విఫలమైన మందు మీద ఇంకో మందు ప్రయోగించే వ్యవధి దొరికింది.

1950ల మధ్యలో దొరికిన ఫలితం అటువంటిదే. స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టిన సెల్మన్ వాక్స్‌మన్ ప్రయోగశాలలో ఏళ్ల క్రితమే మట్టి సూక్ష్మజీవుల నుంచి తీసిన ఆక్టినోమైసిన్‌లు పక్కన పడి ఉన్నాయి. యాంటీబయాటిక్‌గా వాడదామంటే మనిషికే విషం. ఫార్బర్ ఆ వరసలో ఒకటైన ఆక్టినోమైసిన్-డి తెప్పించుకుని, పిల్లల మూత్రపిండాల్లో వచ్చే విల్మ్స్ గడ్డ మీద వాడాడు. ఊపిరితిత్తులకు పాకిన మచ్చలు ఎక్స్‌రేలో కరిగిపోయాయి. శస్త్రచికిత్సతో, రేడియేషన్‌తో కలిపి ఆ మందు ఇప్పటికీ వాడుకలో ఉంది.

సర్కారు సొమ్ము కథ వేరు. మెథోట్రెక్సేట్‌తో కోరియోకార్సినోమా అనే గర్భసంబంధ క్యాన్సర్‌ను 1956లో పూర్తిగా నయం చేసింది అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో పనిచేసిన మిన్ చియూ లీ, రాయ్ హెర్ట్జ్. గడ్డ కంటికి కనిపించకపోయినా, మూత్రంలో హార్మోను జాడ పోయేదాకా మందు ఆపనన్నాడు లీ. ఉద్యోగం ఊడింది. ఆయన చెప్పిందే నిజమని తేలి 1972లో లాస్కర్ బహుమతి ఇచ్చారు.

ఆ లాస్కర్ పేరు వెనుక మేరీ లాస్కర్ ఉంది. ఆమె భర్త ఆల్బర్ట్ ప్రకటనల వ్యాపారంలో పండిపోయినవాడు. అమెరికన్ క్యాన్సర్ సొసైటీని ఆమె 1940ల మధ్యలో పట్టుకుని కుదిపింది. వసూలైన చందాలో పావు వంతు పరిశోధనకే పోవాలని పట్టుబట్టింది. చిల్లర ఎంత పోగైనా ఒక ఇల్లు కట్టగలదు, దేశానికి సరిపడా ప్రయోగశాలలు కట్టలేదని ఆమెకు, ఫార్బర్‌కు తెలిసిపోయింది. ఇద్దరూ కాంగ్రెస్ తలుపు తట్టడం మొదలెట్టారు. 1969 డిసెంబరులో అధ్యక్షుడు నిక్సన్‌ను ఉద్దేశించి పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటన వేయించారు. 1971 డిసెంబరు 23న జాతీయ క్యాన్సర్ చట్టం మీద నిక్సన్ సంతకం పడింది. రేకు డబ్బా చేసిన పెద్ద పని అక్కడుంది: బడ్జెట్‌ను సిగ్గుపడేలా చేయడం. అలాగని ఆ చట్టంతో కొద్ది ఏళ్లలో క్యాన్సర్ పోతుందన్న ప్రచారం నాకు మింగుడు పడదు. టీవీ సెట్టు పందెం వేసిన నోరే అక్కడా మాట్లాడింది. ఫార్బర్ 1973లో పోయాడు. ఆయన సంస్థ పేరు 1983 నుంచి డానా-ఫార్బర్.

మరి జిమ్మీ? 1953లో బ్రేవ్స్ జట్టు బోస్టన్ వదిలి మిల్వాకీ వెళ్లిపోతే రెడ్ సాక్స్ జట్టు ఆ నిధిని దత్తత తీసుకుంది. ఆ జట్టు మేటి ఆటగాడు టెడ్ విలియమ్స్ విలేకరులకు చెప్పకుండా వార్డుకు వెళ్లి పిల్లల పక్కన కూర్చునేవాడు. 1980లో 36 మంది మసాచుసెట్స్ రాష్ట్రానికి అడ్డంగా సైకిలు తొక్కి పది వేల డాలర్ల చిల్లర ఈ నిధికి ఇచ్చారు. ఆ సైకిలు యాత్ర ఏటా సాగుతోంది, ఇప్పటికి వసూలు వంద కోట్ల డాలర్లు దాటింది. ఇంత జరుగుతున్నా జిమ్మీ పోయాడనే అందరూ అనుకున్నారు. ఆనాటి క్యాన్సర్ పిల్లలు బతకరు కదా!

1997లో ఒక ఉత్తరం వచ్చింది. రాసినావిడ ఐనార్ సోదరి. తన సోదరుడు బతికే ఉన్నాడని, లారీ నడుపుకుంటున్నాడని ఆ ఉత్తరం సారాంశం. సంస్థలో మొదట నమ్మలేదు. వాకబు చేస్తే నిజమే. ముగ్గురు కూతుళ్ల తండ్రి, అరవై దాటినవాడు. 1998లో, ఆ రేడియో కార్యక్రమం జరిగిన యాభయ్యో ఏట, బోస్టన్ వచ్చి మందు ఎక్కించుకుంటున్న పిల్లల్ని పలకరించాడు. 2001 జనవరిలో 65 ఏళ్లకు పోయాడు, పక్షవాతంతో. క్యాన్సర్‌తో కాదు.

ఈ కథంతా మొన్న ఆదివారం పెద్దమ్మకు చెప్పాను. మాత్ర అరచేతిలో పెట్టుకుని చివరిదాకా విన్నది. లారీ డ్రైవరు సంగతి బాగా నచ్చింది. మింగి, నీళ్ల గ్లాసు కింద పెట్టి, “ఆ సుబ్బారావు భార్య పేరేమిటన్నావు?” అంది.

శేషగిరి అని చెప్పాను.

(వచ్చే భాగంలో: 1931లో భార్య మెహర్‌బాయి లుకేమియాతో పోతే, దొరాబ్జీ టాటా ఆమె పేరుతో పెట్టిన ట్రస్టు)